ఒక నెల ధర చూసి కొన్న బండి

మదనపల్లెకు దగ్గర్లో ఒక పల్లె మాది. టమోటా పెట్టే రైతును. 2023 జూలైలో టమోటాకు వచ్చిన డబ్బు పెట్టి, ఆ సెప్టెంబరులోనే కొత్త పికప్ బండి కొన్నాను. బండి కొనడమే తప్పని నేననను. బళ్ళు కొని, పిల్లల్ని చదివించుకుని, ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు మా చుట్టుపక్కల ఉన్నారు. నేను చేసిన పని వేరు. ఒక నెల పంట ధర చూసి అరవై నెలల అప్పుకు సంతకం పెట్టాను. ఆ తెలివితక్కువ పని ఎట్లా జరిగిందో, దానికి నేనిచ్చుకున్న ఖరీదు ఎంతో, దాచుకోకుండా చెప్పాలని ఇది రాస్తున్నాను. టమోటాకు మళ్ళీ ధర వస్తుంది. వచ్చిన ప్రతిసారీ మాలాంటివాళ్ళు కొందరు షోరూం మెట్లెక్కుతారు. ఎక్కే ముందు వాళ్ళకు ఈ లెక్క తెలిసి ఉండాలి.

ఆ ఏడాది వేసవి మొదట్లో మదనపల్లె మార్కెట్ యార్డులో టమోటాను అడిగే దిక్కు లేదు. కోత కూలి కూడా రాదని చాలామంది తోటలను పశువులకు వదిలేశారు. ఎండకు పూత రాలిపోయింది. మిగిలిన తోటల్ని ఆకుముడత పట్టుకుంది. దాంతో జూన్ చివరికి సరుకు కరువై ధర ఎగబాకడం మొదలైంది. జూలై ఆఖరుకు మేలురకం కాయ కిలో రెండు వందల దగ్గరికి పోయింది. రాష్ట్ర ప్రభుత్వం మార్కెట్లో కొని రైతుబజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మించింది. కేంద్రం మా దగ్గరా, కర్ణాటకలో, మహారాష్ట్రలో కొనిపించి ఢిల్లీ వైపు పంపింది. సరిగ్గా ఆ రోజుల్లో నా రెండెకరాలు కోతకొచ్చాయి. అది నా ముందుచూపు కాదు. నారు దొరక్క ఆలస్యంగా నాటాను, ఆ ఆలస్యమే కలిసొచ్చింది. కానీ డబ్బు చేతిలో పడ్డాక అదృష్టాన్ని తెలివి అనుకోవడం చాలా సులువు. నేనూ అట్లాగే అనుకున్నాను. నా మొదటి తప్పు అక్కడే ఉంది.

ఖర్చులూ, పాత మండీ బాకీ పోను ఏడు లక్షల పైచిలుకు మిగిలింది. మా వంశంలో ఒక పంటకు అంత డబ్బు ఎవరూ చూడలేదు. దానికి ఒక దారి ముందే అనుకుని ఉన్నాం. మా బోరు పాతది, నీళ్ళు తగ్గుతూ వస్తున్నాయి. కొత్త బోరు వేయించి, రెండెకరాలకూ డ్రిప్ పైపులు మార్చి, మిగిలింది పాప చదువుకు బ్యాంకులో వేద్దామని ఇంట్లో మాట్లాడుకున్నాం. బండి మాట ఆ జాబితాలో లేదు.

ఆ మాట బాడుగ బళ్ళ మీద కోపంలో పుట్టింది. ధర ఉన్న నెలలో బళ్ళకు ఎంత గిరాకీ అంటే, రోజూ వచ్చే బండాయన కూడా రెట్టింపు అడిగాడు. ఒకసారి సాయంత్రం కోసిన బాక్సులు గట్టు మీద పేర్చుకుని రాత్రంతా కాపలా కూర్చున్నాం. బండి తెల్లారి ఎప్పటికో వచ్చింది. యార్డుకు చేరేసరికి మొదటి వేలం అయిపోయింది, తరవాతి వేలంలో ధర దిగింది. ఆ ఒక్క పూటలో పోయిన డబ్బును నేను మనసులో పదింతలు చేసుకున్నాను. "సొంత బండి ఉండుంటే" అన్న మాట ఆ రోజు నోట్లోకి వచ్చింది, మళ్ళీ పోలేదు. దానికి తోడు ఊళ్ళో ఒకరిద్దరు అప్పటికే బండి బుక్ చేశారు. బండి ముందు అద్దం మీద పాప పేరు రాయించుకోవాలని, యార్డులోకి సొంత బండిలో దిగాలని నాకూ ఆశ పుట్టింది. అది అవసరం కాదనీ, పరువు కోసం పడిన ఆరాటమనీ ఈరోజు ఒప్పుకుంటున్నాను.

మా ఇంటావిడ ఒకటే అడిగింది. "బోరుకు పెడదామంటివే, ఆ మాటేమాయె?" బండి సంపాదించి పెడుతుంది, ఆ సంపాదనతో బోరు వేయిద్దాం అన్నాను. ఆమె తిరిగి ఏమీ అనలేదు. అంతకు ముందు వరకూ మా సరుకు తోలిన బండాయన, వయసులో పెద్దవాడు, టీ అంగడి దగ్గర కనబడి అడిగాడు: "ఏం స్వామీ, ఏడాది పొడుగునా లోడుందా నీకాడ?" తన బాడుగ పోతుందని అంటున్నాడనుకున్నాను. నన్ను ఆ రోజుల్లో ఎవరూ అడగని అసలు ప్రశ్న ఆయన అడిగాడు. జవాబు నా దగ్గర లేదు. లేదన్న సంగతి కూడా నేను పట్టించుకోలేదు.

బండి అంటే నా మనసులో పాత లెక్క ఉండేది. 2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు దాని ధర దాదాపు రెండుంపావు లక్షలు. ఛోటా హాథీ అని దేశమంతా పిలిచిన ఆ బండి అప్పట్లో ఎందరో కుర్రవాళ్ళను యజమానుల్ని చేసింది. డీజిల్ లీటరు నలభై లోపే. ఆ రోజుల్లో బండి కొన్నవాడు మూడు నాలుగేళ్ళలో అప్పు తీర్చి, ఆపైన వచ్చినదంతా ఇంటికి తెచ్చుకున్నాడు. మా నాయన కాలంలో చూసిన ఆ బాగుపాటునే నేను నమ్మాను. ఈలోగా బండి ధర, దాని పోషణ ఖర్చు ఎంత మారాయో చూడలేదు.

నేను పోయేటప్పటికి, రైతులు ఎక్కువగా అడిగే తరగతి పికప్ షోరూం ధర ఎనిమిది లక్షల దగ్గర మొదలై పది లక్షల దాకా ఉంది. ఎందుకింత అని అడిగితే సేల్స్‌మన్ లెక్క చెప్పాడు, అందులో అబద్ధం లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి పాత పొగ ప్రమాణమైన బీఎస్-4 బళ్ళ అమ్మకం ఆగి నేరుగా బీఎస్-6 వచ్చింది. డీజిల్ ఇంజిన్ పొగను శుభ్రం చేసే ఫిల్టర్లు, వాటిని కనిపెట్టే సెన్సర్లు బండిలో చేరాయి. 2023 ఏప్రిల్‌లో రెండో దశ నియమాలు వచ్చి, రోడ్డు మీద నడుస్తున్నప్పుడు కూడా పొగను గమనించే ఏర్పాటు తప్పనిసరి అయింది. గాలి బాగుండాలంటే ఇవి ఉండాల్సిందే, దానిమీద నాకు ఫిర్యాదు లేదు. ఖర్చు మాత్రం బండి ధరలోకి వచ్చింది. కొన్నాక ఇంకొక సంగతి తెలిసింది. వెనకటి బండి చెడిపోతే చెట్టు కింది మెకానిక్ స్పానర్లతో బాగు చేసేవాడు. ఇప్పుడు డ్యాష్‌బోర్డులో పసుపు లైటు వెలిగితే కంప్యూటర్ తగిలించి చూడాలి, ఆ పని సర్వీస్ సెంటరులోనే అవుతుంది, బిల్లు కూడా ఆ లెక్కలోనే ఉంటుంది.

నేను తీసుకున్న బండి షోరూం ధర 9 లక్షలు. అందులో 28 శాతం జీఎస్టీ ఉందని, అంటే దాదాపు రెండు లక్షలు పన్నేనని, నేను చాలా తరవాత కాగితం తిప్పి చూశాను. మా రెండెకరాలకు చిన్న బండి సరిపోయేది. స్థూల బరువు 3,000 కిలోల లోపు బండికి మోటారు వాహనాల చట్టం కింద పర్మిట్ కూడా అక్కర్లేదు. కానీ పెద్దదైతే ఎక్కువ బాక్సులు పడతాయి, బయటి బాడుగలు ఎక్కువ దొరుకుతాయి అన్నారు. నాకున్న సరుకు ఎంతో చూడకుండా, బండికి పట్టే సరుకు ఎంతో చూసి కొన్నాను. దాంతో పర్మిటూ నెత్తిన పడింది. రిజిస్ట్రేషన్, టాక్సు, ఇన్సూరెన్సు, వెనక బాడీ కమ్మీలు, టార్పాలిన్ అన్నీ కలిపి బండి ఇంటికొచ్చేసరికి 10 లక్షల 40 వేలు అయింది.

ఇన్సూరెన్సు దగ్గర నేను ఆగి ఆలోచించాల్సింది. 7,500 కిలోల లోపు సరుకు బండికి థర్డ్ పార్టీ ప్రీమియం ఒక్కటే ఏడాదికి రూ.16,049. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేటు అది. అదే 1,000 నుంచి 1,500 సీసీ మధ్య ఉండే సొంత కారుకు రూ.3,416. దాదాపు అయిదింతల తేడా. దానికి మన బండి నష్టానికి చేసే బీమా కలిపితే, మా బండికి ఏడాదికి 36 వేల దాకా అయ్యేది. బండి ఇంటి ముందు నిలబడినా ఆ డబ్బు కట్టాల్సిందే.

ఇక అప్పు. డౌన్ పేమెంట్ 2 లక్షల 40 వేలు కట్టి, 8 లక్షలు ఫైనాన్స్ తీసుకున్నాను. వడ్డీ ఎంత అని అడిగాను. "ఎనిమిది శాతమే అన్నా, ఫ్లాట్" అన్నాడు ఫైనాన్స్ కుర్రవాడు. ఎనిమిది శాతమంటే పంట రుణం కన్నా కాస్త ఎక్కువ, అంతే కదా అనుకున్నాను. ఫ్లాట్ అన్న మాట దగ్గర ఆగలేదు. ఫ్లాట్ వడ్డీ అంటే, మనం నెల నెలా అసలు తీరుస్తూ వస్తున్నా, వడ్డీని మాత్రం మొదటి రోజున్న 8 లక్షల మీదే అయిదేళ్ళకూ లెక్క కడతారు. 8 లక్షలకు 8 శాతం చొప్పున అయిదేళ్ళకు 3 లక్షల 20 వేలు. మొత్తం 11 లక్షల 20 వేలను అరవై భాగాలు చేస్తే నెలకు రూ.18,667. బ్యాంకులు చెప్పే తగ్గే బాకీ లెక్కలోకి మార్చితే ఇది 14 శాతం పైచిలుకు వడ్డీ. నేను ఎనిమిది అనుకుని పధ్నాలుగు కట్టాను. ఎవరూ నన్ను మోసం చేయలేదు, చెప్పిన మాటే చెప్పారు. నేనే అడగాల్సిన రెండో ప్రశ్న అడగలేదు. ఇప్పుడు రిజర్వు బ్యాంకు నియమం మారింది. 2024 అక్టోబరు 1 నుంచి, రుణం ఇచ్చే ముందు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి, అందులో అన్ని చార్జీలూ కలిపిన అసలు వార్షిక రేటు రాసి ఉండాలి. ఆ కాగితం అడగడం కొనేవాడి హక్కు.

బండి ఇంటికొచ్చింది. బోయకొండ గంగమ్మకు పూజ చేయించాం. అదే నెలలో టమోటా ధర కూలిపోయింది. జూలై ధర చూసి అందరూ నాటిన తోటలు ఒకేసారి కోతకొచ్చాయి. ఆగస్టులో దిగడం మొదలైన ధర సెప్టెంబరు నడిమికి కిలో పది రూపాయల లోపుకు వచ్చింది. మదనపల్లె రైతుకు ఇది కొత్త కాదు, ఏళ్ళుగా చూస్తున్నదే. ధర ఎక్కిన తరవాత పడుతుందని నాకు తెలుసు. తెలిసీ, ఎక్కిన ధరనే బండి కిస్తీకి ఆధారంగా పెట్టుకున్నాను.

నేను కొనే ముందు వేయాల్సి ఉండి, కొన్న చాలా కాలానికి వేసిన లెక్క ఇక్కడ చెబుతాను. మా పల్లె నుంచి యార్డుకు ఇరవై అయిదు కిలోమీటర్లు. మామూలు రోజుల్లో బాడుగ ట్రిప్పుకు పదిహేను వందల దగ్గర ఉండేది. ఒక పంట కోతలన్నిటికీ కలిపితే 35 నుంచి 40 వేలు. ఏడాదికి రెండు పంటలు పెట్టినా బాడుగ ఖర్చు 80 వేలు దాటదు. బండి వైపు చూస్తే, కిస్తీ నెలకు 18,667, ఇన్సూరెన్సు నెలకు 3 వేలు, టైర్లకూ సర్వీసుకూ పక్కన పెట్టుకోవాల్సింది ఇంకొక 3 వేలు, టాక్సు, ఫిట్‌నెస్ వగైరా కలిపితే నెలకు 25 వేలు. ఏడాదికి 3 లక్షలు. డీజిల్ ఇంకా పోయలేదు. ఏడాదికి 80 వేల బాడుగ తప్పించుకోవడానికి ఏడాదికి 3 లక్షల ఖర్చు తెచ్చుకున్నాను. ఈ లెక్క వేయడానికి చదువు అక్కర్లేదు. మా పాప ఆరో తరగతిలో చేసే కూడికలు చాలు. నేను వేయలేదు. వేస్తే బండి కొనకూడదని తేలుతుందేమోనన్న భయం లోపల ఎక్కడో ఉండి వేయలేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ తేడాను బయటి బాడుగలతో పూడ్చుకోవచ్చని నా ధీమా. కానీ ఆ ఏడాది బళ్ళు కొన్నది నేనొక్కడినే కాదు. సరుకు తగ్గింది, బళ్ళు పెరిగాయి. జూలైలో రెట్టింపు అడిగిన బాడుగ చలికాలానికి సగానికి వచ్చింది. తరవాత 2025 జూన్‌లో ఇంటింటికీ రేషన్ ఇచ్చే బళ్ళ ఏర్పాటు ఆగిపోయినప్పుడు, మా వైపు ఆ బళ్ళు నడిపిన కొందరు కూడా బాడుగలకు దిగారు. వాళ్ళకూ బతుకు ఉండాలి కదా. పోయేటప్పుడు లోడు దొరికినా వచ్చేటప్పుడు ఖాళీ. కోలారుకో చెన్నైకో పోతే తిరుగు లోడు కోసం పడిగాపులు పడాలి, లేదా డీజిల్ కాల్చుకుంటూ ఉత్త బండి తోలుకుని రావాలి. బాడుగ ఇచ్చేవాడు ఒక వైపుకే ఇస్తాడు, బండి రెండు వైపులా తాగుతుంది.

డీజిల్ సంగతి బండి లేనివాళ్ళకు పత్రికలో వార్త, ఉన్నవాళ్ళకు రోజువారీ కోత. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ అదుపు పోయింది. 2017 జూన్ నుంచి రోజూ ధర మారుతోంది. 2021 అక్టోబరులో మన రాష్ట్రంలో లీటరు వంద దాటింది. తరవాత కేంద్రం సుంకం తగ్గించినా, నేను బండి నడిపిన కాలమంతా మా దగ్గర వందకు కాస్త ఇటుగానే ఉండింది. సరిహద్దు దాటి కర్ణాటకలోకి పోతే మన కన్నా తక్కువ. అందుకని మా వైపు బళ్ళు అటు పోయినప్పుడల్లా ట్యాంకు నింపుకుని వస్తాయి. లోడుతో లీటరుకు పన్నెండు కిలోమీటర్లు వస్తే మంచి బండి అంటారు.

కాగితాలు ఇంకొక బరువు. సరుకు బండికి మొదటి ఎనిమిదేళ్ళు రెండేళ్ళకొకసారి, ఆ తరవాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. గడువు దాటితే రోజుకు 50 రూపాయలు అదనం. 2019లో చట్టం సవరించాక, బరువు మించి వేస్తే జరిమానా 20 వేలు, ఆపైన మించిన ప్రతి టన్నుకూ 2 వేలు. అంతకు ముందు అది 2 వేలు, టన్నుకు వెయ్యి. బాడుగ తక్కువైనప్పుడు నాలుగు బాక్సులు ఎక్కువ వేసుకుని గిట్టుబాటు చేసుకుందామని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది, వేశాను కూడా. జరిమానా పడకపోవడం నా అదృష్టం. పడి ఉంటే నెల కిస్తీ కన్నా ఎక్కువ పోయేది. బరువుకు టైర్లు మాత్రం ముందుగానే అరిగాయి. ఆ జరిమానాను రోడ్డే వసూలు చేసింది.

డబ్బు లెక్క కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టే తప్పు ఇంకొకటి ఉంది. బండి ఉన్న ఇంటికి బంధువులు అడుగుతారు. పెళ్ళికి, సమాధి కార్యానికి, మొక్కుకు. కాదంటే మర్యాద కాదు. ఒకసారి మొక్కు తీర్చుకోవడానికి ఆడవాళ్ళను, పిల్లలను, ముసలివాళ్ళను వెనక టార్పాలిన్ పరిచి కూర్చోబెట్టి బోయకొండకు తీసుకుపోయాను. కొండ దిగేటప్పుడు ఎదురుగా వచ్చిన బస్సుకు దారి ఇవ్వబోతే ఎడమ చక్రం మట్టిలోకి జారింది. బండి ఒక పక్కకు ఒరిగి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇన్సూరెన్సు పనిమీద పోయినప్పుడు ఈ సంగతి చెబితే ఏజెంటు ముఖం మారిపోయింది. సరుకు బండిలో సరుకు యజమాని గానీ, ఆయన తరఫు మనిషి గానీ వెంట రావచ్చు. వాళ్ళకు బీమా వర్తిస్తుంది. ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత ఉండదని సుప్రీంకోర్టు 2002లోనే ఆశారాణి కేసులో తేల్చింది. ఏదైనా జరిగి ఉంటే పరిహారం మొత్తం నా మీదే పడేది. పరిహారం సంగతి తరవాత, ఆ తల్లుల ముందు నేను ఏ ముఖంతో నిలబడేవాణ్ణి? అంతమంది ప్రాణాలను కమ్మీల మధ్య పెట్టి కొండ ఎక్కించిన నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఇన్నిటికన్నా లోతైన తప్పు సేద్యంలో జరిగింది. బండి ఊరికే నిలబడితే చూడలేకపోయేవాణ్ణి. కిస్తీ తేదీ దగ్గరపడితే ఎవరు పిలిచినా పోయేవాణ్ణి. డ్రైవరుకు జీతం ఇవ్వలేక నేనే తోలాను. టమోటా తోటకు రోజూ కన్ను ఉండాలి. ఆకు తొలిచే పురుగు వచ్చిన రోజున కనబడితే మందు పనిచేస్తుంది, వారం తరవాత కనబడితే తోట పోతుంది. నేను రోడ్డు మీద ఉండగా తోటను పురుగు తినేసింది. అది చాలదన్నట్టు, బండికి లోడు ఉంటుందని ఒక పంట టమోటా అదనంగా పెట్టాను. పంట కోసం బండి కొన్నవాణ్ణి, బండి కోసం పంట పెట్టాను. నేలకు విరామం అవసరమా, నీళ్ళు చాలుతాయా, ధర వచ్చే కాలమా అని చూడలేదు. 2023లో సీమకు వానలు సరిగా రాలేదు, కరువు మండలాలు ప్రకటించారు. మరుసటి వేసవికి మా బోరు ఎండిపోయింది. కట్టెలు పాతి, తాళ్ళు కట్టి, పూత దశకు వచ్చిన తోట కళ్ళ ముందే వాడిపోయింది. బోరు కోసం అనుకున్న డబ్బు ఇంటి ముందు నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది. దాన్ని తోటకు పారించే దారి లేదు. ఆ రోజు మా ఇంటావిడ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అప్పుడే అమ్మేయాల్సింది. అమ్మలేదు. పరువు అడ్డొచ్చింది. అద్దం మీద పాప పేరున్న బండిని ఏడాదికే అమ్మితే ఊరు ఏమనుకుంటుందని ఆగాను. ఆ ఆగడానికి నెలకు 25 వేలు కట్టాను. రిజర్వు బ్యాంకు 2025లో రెపో రేటు తగ్గించినప్పుడు కిస్తీ తగ్గుతుందేమోనని అడిగాను. మీది స్థిర వడ్డీ, తగ్గదన్నారు. 2025 సెప్టెంబరు 22న సరుకు బళ్ళ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొనేవాళ్ళకు అది మంచి వార్త. నేను కొన్నటువంటి బండి మీద డెబ్బై వేల దాకా పన్ను తగ్గింది. నాలాంటి పాత యజమానికి మాత్రం, కొత్త బండి చవకైతే పాత బండిని అడిగే ధర కూడా దిగుతుంది. అప్పటికి నాకు కళ్ళు తెరుచుకున్నాయి. ఆ చలికాలంలో బండి అమ్మేశాను.

5 లక్షల 80 వేలు వచ్చింది. మిగిలిన అప్పు, ముందుగా తీర్చినందుకు వేసిన చార్జీ పోను చేతిలో మిగిలింది 50 వేల చిల్లర. అప్పటికి డౌన్ పేమెంటు, కిస్తీలు కలిపి ఏడున్నర లక్షల దాకా కట్టి ఉన్నాను. బయటి బాడుగలతో సంపాదించినది డీజిలుకు, టైర్లకు, ఇన్సూరెన్సుకు, రిపేర్లకు సరిపోయింది. 2023 జూలైలో భూమి ఇచ్చిన ఏడు లక్షలూ అట్లా పోయాయి. అప్పు తీరడం ఒక్కటే మిగిలిన మేలు. ఆ 50 వేలకు ఇంకొంత చేర్చి బోరు వేయించాం. ఇప్పుడు మళ్ళీ బాడుగ బండిలోనే సరుకు పంపుతున్నాను. ఆ పెద్దాయన బండిలోనే. ఆయన ఆనాడు అడిగిన ప్రశ్న మళ్ళీ ఎత్తలేదు. నేనే ఎత్తి, "నువ్వడిగింది నిజమే అన్నా, నేను వినలేదు" అని చెప్పుకున్నాను.

తప్పు ఎవరిదని చాలా ఆలోచించాను. బళ్ళ ధరలు పెరిగాయి, డీజిల్ పెరిగింది, బీమా పెరిగింది, పన్ను ఎక్కువ. ఇవన్నీ నిజాలు. సన్నకారు రైతు సరుకు యార్డుకు చేరే ఖర్చు తగ్గాలంటే ప్రభుత్వాలు చేయాల్సిన పనులున్నాయి. సొంత కారు కన్నా రైతు బండికి అయిదింతల బీమా ఎందుకని అడగాలి, అడుగుతూనే ఉండాలి. కానీ ఆ ధరలన్నీ నేను సంతకం పెట్టిన రోజున కాగితం మీద ఉన్నాయి. పెరిగిన ఖర్చు నన్ను వెంటబడి పట్టుకోలేదు. నేనే లెక్క వేయకుండా దాని దగ్గరికి నడిచిపోయాను. వెనకటి ధరల కాలంలో ఇట్లాంటి తప్పు చేసినా మనిషి తట్టుకునేవాడు. రెండు లక్షల బండిలో తప్పు చేస్తే ఒక పంటతో తేరుకోవచ్చు. పది లక్షల బండిలో తప్పు చేస్తే పొలమే పణం.

కొత్తగా బండి కొనాలనుకునే రైతు సోదరులకు నా మాట ఇదే. మంచి ధర వచ్చిన నెలలో బండి కొనకండి. ఆ ఏడాది గడవనివ్వండి. వెనకటి మూడేళ్ళలో మీరు కట్టిన బాడుగ ఎంతో రాసుకోండి. పక్కన బండి ఏటి ఖర్చు రాయండి. అందులో కిస్తీ, బీమా, టైర్లు, ఫిట్‌నెస్, డ్రైవరు జీతం అన్నీ ఉండాలి. బాడుగ అందులో సగం కూడా లేకపోతే ఆ బండి మీకు వద్దు. నలుగురు రైతులు కలిసి ఒక బండిని నెల బాడుగకు మాట్లాడుకున్నా సరుకు వేళకు యార్డు చేరుతుంది. కొని తీరాలంటే మీ సరుకుకు సరిపోయేంత చిన్న బండి చూడండి, నడిచిన మంచి బండైనా సరే. ఫైనాన్స్ దగ్గర ఫ్లాట్ రేటు వినకండి, అసలు వార్షిక రేటు రాసిన కాగితం చేతిలోకి తీసుకుని ఇంట్లో అందరి ముందూ చదవండి. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకండి, దేవుడి మొక్కుకైనా సరే. చేతిలో ఉన్న డబ్బు ముందు నీళ్ళకు పెట్టండి. నీళ్ళుంటే పంట ఉంటుంది, పంట ఉంటే బాడుగ బండి ఎప్పుడైనా దొరుకుతుంది.